నా ఊపిరితో కదిలే కారు

మా ఇంట్లో పాలు పొంగడానికీ వాకిట్లో కారు హారన్ మోగడానికీ ఏదో లాలూచీ ఉంది. రెండూ సరిగ్గా ఒక్కసారే వస్తాయి. స్టవ్ కట్టేసి, గట్టు మీదికి కారిన పాలు అలాగే వదిలేసి, తడి చెయ్యి బట్టలకి తుడుచుకుంటూ పరిగెడతాను.

“ఏమేవ్! వచ్చి ఊదు! అవతల టైమవుతోంది!”

కొత్తవాళ్ళెవరైనా వింటే పిల్ల మోకాలి దెబ్బ మీద ఊదమంటున్నాడనుకుంటారు. అంత అదృష్టమా. ఆయన ఊదమనేది కారులో. స్టీరింగ్ పక్కన ఒక నల్లడబ్బా, దానికి వంకీల తీగ, తీగ చివర చేతిలో ఇమిడేంత పరికరం, దాని మూతికి తెల్లటి ప్లాస్టిక్ గొట్టం. గొట్టంలో ఊదితే, ఊదిన మనిషి ఊపిరిలో మందు ఉందో లేదో అది పసిగడుతుంది. లేకపోతే పచ్చదీపం వెలిగి ఇంజన్ స్టార్టవుతుంది. ఉంటే ఎర్రదీపం, కారు కదలదు. ఒకే పూట మూడుసార్లు ఎర్రదీపం వచ్చిందా, కారు పూర్తిగా బిగుసుకుపోతుంది. లారీ మీదికెక్కించి ఆ డబ్బా బిగించిన ఆఫీసుకి మోసుకెళ్తే తప్ప తెరుచుకోదు. దాన్ని కోర్టువాళ్ళు మా ఆయన కోసం పెట్టించారు, ఆయన ఊపిరి కోసం. ఏడు నెలలుగా మాత్రం మా కారు నా ఊపిరితో నడుస్తోంది.

మా అమ్మాయి దానికి ‘బూర’ అని పేరు పెట్టింది. తొమ్మిదేళ్ళు దానికి. పెన్సిల్ ముక్కలూ గుండీలూ ఏవి దొరికితే అవి జేబుల్లో దాచుకుంటుందని దాన్ని మేం ఉడుత అంటాం. మా ఇంట్లో ఏ పనికీ పేరు ఉండదు కాని ఈ పనికి అదే పేరు పెట్టింది. అమ్మ బూర ఊదుతుంది, నాన్న కారు నడుపుతాడు.

రెండేళ్ళ కిందట, పొద్దున్నే ఏడు గంటలకి, ఆయన కారు మా వీధి చివరి మలుపులో ఫుట్‌పాత్ ఎక్కింది. అక్కడ వీధి ఊడ్చే ఆవిడ ఉంది. తుంటి ఎముక విరిగింది. “రాత్రి తాగింది పొద్దుటికి ఎక్కడుంటుంది సార్? స్నానం కూడా చేశాను” అని ఆయన పోలీసులని ఎదురు అడిగాడట. ఒంట్లో ఉన్నదాన్ని స్నానం ఎలా కడుగుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. ఆవిడ నాలుగు నెలలు మంచంలో ఉందని విన్నాను. చూసొస్తానంటే, “వెళ్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుంది” అన్నాడు ఆయన. “అసలు తప్పు ఆవిడదే, రోడ్డుకి వీపు పెట్టి ఊడుస్తుందా ఎవరైనా” అంది అత్తయ్య. వీధులు ఊడ్చేవాళ్ళకి వీపున కూడా రెండు కళ్ళుండాలి కాబోలు అనుకున్నాను. అనుకున్నానంతే. పైకి అనలేదు. నేను వెళ్ళనూ లేదు. అది నా మనసులో ముల్లులా ఉండిపోయింది.

ఏడాదిపాటు ఆయన లైసెన్సు లాక్కున్నారు. తర్వాత, ఏడాదిన్నరపాటు ఈ డబ్బాతో నడుపుకోవచ్చన్నారు. మొదటి నెల బుద్ధిగానే ఉన్నాడు. ఒకరోజు పొద్దున ఊదితే ఎర్రదీపం వచ్చింది. ఆయన ముఖం చూడాలి! రాత్రి పదింటికే ఆపేశానే అని ఒకటే ఆశ్చర్యం. చన్నీళ్ళ స్నానం చేశాడు. రెండు కప్పుల కాఫీ తాగాడు. నిమ్మచెక్క నాకాడు. మళ్ళీ ఊదితే ఇంకొకటి పోతుంది, మూడోదైతే కారు బిగుసుకుపోతుంది, ఆఫీసులో మీటింగుంది. ఆయన టైల్స్ కంపెనీలో సేల్స్ మేనేజరు. మీటింగంటే మా ఇంట్లో ఊపిరి బిగబట్టాల్సిందే.

అప్పుడు అత్తయ్య గుమ్మంలో నిలబడి, చాలా మామూలుగా, పెరట్లో బట్టలు తియ్యమన్నట్టు అంది. “అమ్మాయ్, నువ్వెళ్ళి ఊదరాదూ. ఊదితే నీ సొమ్మేం పోయింది?”

“ఈ ఒక్కసారికి” అన్నాడు ఆయన.

ఆడదాని జీవితంలో ఈ ఒక్కసారికి అన్నవన్నీ రెండోసారి నుంచి డ్యూటీలు. ఇది తెలియని దాన్ని కాదు. పెళ్ళైన కొత్తలో ఈ ఒక్కసారికి ఆయన బూట్లు తుడిచాను, పదేళ్ళయింది, ఇంకా తుడుస్తున్నాను. తెలిసి తెలిసి వెళ్ళి కూర్చున్నాను.

ఊరికే ఊదితే సరిపోదు. నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు ఒకే తీరుగా ఊది, ఊపిరి తెగకుండా గొంతులోంచి ‘ఊఁ’ అని ఇంకో రెండు అంకెలసేపు మూలగాలి. ఒకరి బదులు ఇంకొకరు ఊదకుండా ఉండటానికట ఈ ఏర్పాటు. రానివాళ్ళు ఊదితే అది కీచుమని అరిచి మళ్ళీ ఊదమంటుంది. ఆ పొద్దున నాకు నాలుగోసారికి గాని పచ్చదీపం రాలేదు. ఆయనకి డబ్బా బిగించిన ఆఫీసులో ఒక పూటంతా నేర్పించారు. ఆయన నాకు ఆ సాయంత్రం వంటింట్లో స్టూలు మీద కూర్చుని జ్యూసు గొట్టంతో నేర్పాడు. “అలా కాదు. పొట్టలోంచి. ఇప్పుడు మూలుగు. ఆఁ, అలా!” పదేళ్ళ కాపురంలో ఆయన నాకు ఓపిగ్గా కూర్చుని నేర్పింది ఇదొక్కటే. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ సాయంత్రం నాకు బాగానే అనిపించింది.

ఊదేసి లోపలికొచ్చి పాల సంగతి చూసుకోవచ్చులే అనుకున్నాను. అదీ లేదు. కారు నడుస్తుండగా కూడా అది మధ్యమధ్యలో పిలుస్తుంది. కుయ్యి కుయ్యిమంటుంది. ఆరు నిమిషాల్లో ఊదకపోతే హారన్ దానంతటదే మోగడం మొదలుపెడుతుంది, ఊరంతా తిరిగి చూస్తుంది. కాబట్టి నేను పక్క సీట్లో కూర్చుని వెళ్ళాలి. ముందు ఉడుత బడి, తర్వాత ఆయన ఆఫీసు. అక్కడ ఆయన దిగి, టై సర్దుకుని, లిఫ్టు ఎక్కేస్తాడు. నేను రెండు బస్సులు మారి వెనక్కి నా పనికి వస్తాను. నేను పనిచేసే బట్టల షాపు మా ఇంటికి ఎనిమిది నిమిషాల నడక. ఇంటి పక్కనున్న షాపుకి నేను ఊరు చుట్టి వస్తున్నానన్నమాట. కొన్ని రోజులు మధ్యాహ్నం కూడా ఫోను వస్తుంది. “పార్టీతో భోజనం చేశాం, రెండు పెగ్గులు తప్పలేదు. నాలుగింటికల్లా వచ్చెయ్.” కారున్న మొగుడిని ఇంటికి తీసుకురావడానికి నేను బస్సెక్కి వెళ్తాను. తలుచుకుంటే నవ్వొస్తుంది. నవ్వుతాను కూడా, బస్సులో, కిటికీ వైపు తిరిగి.

షాపు వెనక గదిలో మా పని. కొన్న బట్టలని ఒంటికి సరిపోయేలా విప్పి కుట్టడం. కోటు భుజం విప్పి మళ్ళీ ఎక్కించడం నా చేతికొచ్చినట్టు ఆ గదిలో ఇంకెవరికీ రాదు. ఇది గొప్ప కాదు, నిజం. మా మాస్టరే అనేవారు. ఆయన ఒకరోజు కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని, “అమ్మా, నీ చెయ్యి బంగారం. కాని బంగారం పదిన్నరకి తీరిగ్గా వస్తే నేనేం చేసుకోను? కోట్లవాళ్ళు పదింటికల్లా వచ్చి కూర్చుంటున్నారు” అన్నారు. కోట్లు నా బల్ల మీంచి వెళ్ళిపోయాయి. గుండీలూ ప్యాంటు అంచులూ వచ్చాయి. ఎందుకు ఆలస్యమవుతోందో ఏమని చెప్పను? కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. పైగా నేను చేస్తున్నది నేరం. పెదాల మధ్య నాలుగు గుండుసూదులు పట్టుకుని, తల ఊపి, ప్యాంటు అంచు మడిచాను. సూదులు నోట్లో ఉంటే ఒక సుఖం, ఎవరూ జవాబు అడగరు.

బస్సులో వెళ్ళండి అని నేను అనకపోలేదు. “టైల్స్ శాంపిల్స్ నెత్తిన పెట్టుకుని బస్సెక్కమంటావా? నా హోదా ఏంటి?” అన్నాడు. తాగడం తగ్గించండి అన్నాను. “నేను తాగుబోతునా? ఎప్పుడైనా పడిపోయానా? నిన్ను కొట్టానా?” అన్నాడు. నిజమే, కొట్టలేదు. కొట్టని మొగుడి మీద ఫిర్యాదు ఎక్కడ చెయ్యాలో ఎవరూ చెప్పలేదు నాకు. పోనీ నేను డ్రైవింగ్ నేర్చుకుంటాను, ఎలాగూ ముందు సీట్లోనే ఉంటున్నానుగా అన్నాను. తల్లీకొడుకులిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వారు. “కుట్టుమిషను పెడల్ అనుకున్నావా? రోడ్డు మీద జనం బతకొద్దూ?” అన్నాడు. జనం బతకడం గురించి అన్నది ఆయన! నాకు ఒళ్ళు మండిపోయింది. లేచి వెళ్ళి పళ్ళాలు కడిగాను. నా కోపాలన్నీ ఎందుకో సింకు దగ్గరే తేలతాయి.

నెలకోసారి ఆయన డబ్బా బిగించిన ఆఫీసుకి వెళ్తే డబ్బాలోని లెక్క తీసి కాగితం ఇస్తారు. మొదటి నెలలో ఒక్క ఎర్రదీపం, మిగతావన్నీ పచ్చ. బావగారు వచ్చినప్పుడు అత్తయ్య ఆ కాగితాలు తెచ్చి చూపించింది, పిల్లాడి మార్కుల్లాగా. “మనసు పెడితే మావాడు ఏదైనా సాధిస్తాడు” అంది. బావగారు తమ్ముడి భుజం తట్టారు. “మారిపోయావురా!” ఆయన వినయంగా నేల చూశాడు. నేను కాఫీలు అందిస్తున్నాను. ఆ కాగితాల మీద ఉన్న ప్రతి పచ్చచుక్కా నా గుండెల్లోంచి వెళ్ళిందని గట్టిగా అరవాలనిపించింది. “పంచదార సరిపోయిందా?” అని అడిగాను.

అసలు భయం అది కాదు. అసలు భయం వెనక సీట్లో ఉంటుంది, బూట్ల లేసులు ముడేసుకుంటూ. బూర అబద్ధం నమ్ముతుంది కాని రోడ్డు నమ్మదు. నేను పక్కనే కూర్చుంటాను కాబట్టి నాకు తెలుసు. ముందు బండి ఆగిన క్షణానికీ ఈయన కాలు బ్రేకు మీద పడే క్షణానికీ మధ్య ఎంత ఖాళీ ఉంటుందో రోజూ చూస్తాను. ఆ ఖాళీలో నా కాలు ఉత్త నేలని తొక్కుతుంది. నా వైపు బ్రేకు లేదు. పచ్చదీపం తెప్పించి ఇచ్చింది నేనే. రేపు ఏమైనా అయితే మందు ఆయనది, కారు ఆయనది, పాపం మాత్రం నాది కూడా. ఊదిన ప్రతి ఉదయం నా పిల్లని నేనే ఆ సీటుకి కట్టి పంపిస్తున్నట్టు ఉండేది. అయినా ఊదేదాన్ని.

ఒక మంగళవారం మలుపు దగ్గర కారు ఆగి ఉండగా బూర కుయ్యిమంది. గొట్టం నోట్లో పెట్టుకున్నాను. తల తిప్పితే ఫుట్‌పాత్ మీద వీధి ఊడ్చే ఆవిడ. మళ్ళీ పనిలోకొచ్చినట్టుంది. పొడుగు చీపురు, కుంటినడక. మా కారు చూడగానే, ఏ తొందరా లేకుండా, అలవాటైన పనిలా, కరెంటు స్తంభం వెనక్కి వెళ్ళి నిలబడింది. మేం వెళ్ళిపోయేదాకా అలా నిలబడటం ఆవిడ రోజువారీ పనిలో ఒకటయిపోయిందని అప్పుడర్థమైంది. స్తంభం పక్కనుంచి నన్నే చూస్తోంది. నా ముఖాన్ని కాదు, నోటిని, నోట్లో గొట్టాన్ని. నాలుగు అంకెలు, తర్వాత మూలుగు. పచ్చదీపం. ఆవిడ తల అటూ ఇటూ ఊపింది, చాలా కొంచెం. తిట్టలేదు, ఉమ్మలేదు. తిట్టినా బాగుండేది. ఆ రోజు షాపులో మూడుసార్లు వేలికి సూది గుచ్చుకుంది.

మర్నాడు హారన్ మోగితే నేను వంటింట్లోంచి కదల్లేదు.

“నేను ఊదను” అన్నాను.

ఆయన లోపలికొచ్చాడు. కేకలేమీ లేవు, చాలా నిదానంగా మాట్లాడాడు. “ఇంకో పది నెలలే. కాగితం చెడితే లైసెన్సు పోతుంది, లైసెన్సు పోతే ఉద్యోగం పోతుంది. అప్పుడు నీ గుండీలతో ఇల్లు నడుపుతావా?”

“మొగుడికి కష్టమొస్తే ఊపిరి కూడా ఇవ్వలేని ఆడదాన్ని నేనెక్కడా చూడలేదమ్మా” అంది అత్తయ్య. “మా రోజుల్లో ప్రాణాలే ఇచ్చేవాళ్ళం.”

“ఇంకా ఇక్కడే ఉన్నారుగా అత్తయ్యా” అన్నాను. నా నోట్లోంచి ఎలా వచ్చిందో తెలీదు.

ఆ రోజు ఆయన టాక్సీలో వెళ్ళాడు. నేను ఉడుతని నడిపించి బడి దగ్గర వదిలి, షాపుకి పదికి పది నిమిషాలుండగా వెళ్ళాను. మాస్టర్ గోడ గడియారం చూసి, తన చేతి గడియారం కూడా చూసుకున్నారు. ఒక కోటు తెచ్చి నా బల్ల మీద పెట్టారు. గెలిచాననుకున్నాను. పిచ్చిదాన్ని.

మర్నాడు నేను స్నానం చేసి వచ్చేసరికి వాకిట్లో కారు లేదు, ఉడుత లేదు. “వాడే ఊదుకున్నాడు, పిల్లని బడిలో దింపుతానన్నాడు” అంది అత్తయ్య, నా వైపు చూడకుండా బట్టలు మడతపెడుతూ. రాత్రి తాగలేదేమో, నా మాట పని చేసిందేమో అని సంతోషపడ్డాను. ఆ సంతోషంలో కోటు చెయ్యి ఎంత బాగా కుట్టానో!

సాయంత్రం ఉడుత హోంవర్కు చేస్తూ చేస్తూ నోట్లో పెన్సిల్ పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది. నాలుగు వేళ్ళు ఒకటొకటిగా మడిచింది. తర్వాత గొంతులోంచి సన్నగా, తెగకుండా, ‘ఊఁ’ అంది. రెండు అంకెలు.

“ఏం చేస్తున్నావే?”

“ప్రాక్టీసు. ఇవాళ నాకు మొదటిసారికే వచ్చేసిందమ్మా! నీకు నాలుగోసారికి వచ్చిందట కదా, నాన్న చెప్పాడు. తర్వాత కారు బడి దగ్గరే పెట్టి నాన్న టాక్సీలో వెళ్ళాడు.” చేత్తో నోరు మూసుకుంది. “అయ్యో. నీకు చెప్పకూడదు. చాక్లెట్ ఇచ్చాడు.”

నేను కుర్చీలో కూర్చోబోయి నేల మీద కూర్చున్నాను. దానికి ఎవరూ నేర్పలేదు. ఏడు నెలలు వెనక సీట్లోంచి చూసి నేర్చుకుంది. తల్లి అన్నం వార్చడం చూసి, బట్టలు మడతపెట్టడం చూసి, కళ్ళు తుడుచుకుని నవ్వడం చూసి ఆడపిల్లలు నేర్చుకుంటారే, అలాగే నేర్చుకుంది. మాట్లాడకుండా ఇవ్వడం నా దగ్గర నేర్చుకుంది. వాళ్ళ నాన్నని తిట్టుకోవడానికి కూడా ఆ క్షణంలో నాకు ధైర్యం చాలలేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నేను ఊదితే పిల్ల ఆ వెనక సీట్లో ఉంటుంది. నేను ఊదకపోతే పిల్ల ముందు సీట్లోకి వస్తుంది. ఎటు తిరిగినా గోడే. అత్తయ్య అన్న మాట ఒకటి గుర్తొచ్చింది, ఎప్పుడో ఏదో సందర్భంలో, ‘మనమెంత తప్పుకున్నా ఇంటి పని ఎవరో ఒక ఆడదాని మీదే పడుతుందమ్మా’ అని. ఆవిడ అబద్ధం చెప్పలేదు.

రాత్రి అన్నాల దగ్గర ఆయనతో అన్నాను. “ఉడుత ఊదొద్దు. నేనే ఊదుతాను.”

“అలా దారికి రా” అన్నాడు ఆయన, కూర కలుపుకుంటూ. “చిన్నదానికి బెట్టు చేస్తావు. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెస్తావు.”

అత్తయ్య నాకు ఇంకో గరిటె కూర వేసింది. ఓడిపోయినవాళ్ళని మా ఇంట్లో బాగా చూసుకుంటారు.

మర్నాడు పాలు పొంగాయి, హారన్ మోగింది. స్టవ్ కట్టేశాను. బూట్ల అల్మారా పై అరలో ఆయన సీసా ఉంటుంది, దాచిపెట్టడమేమీ ఉండదు, దుమ్ము దులిపేది నేనే కదా. మూత తీసి ఒక పెద్ద గుక్క తాగాను. జన్మలో మొదటిసారి. గొంతు నుంచి పొట్ట దాకా గీత గీసినట్టు మంట. కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఛీ, దీనికోసమా ఇంతా అనిపించింది. వెళ్ళి సీట్లో కూర్చున్నాను. ఉడుత వెనక సీట్లో లేసులు కట్టుకుంటోంది. నాలుగు అంకెలు, మూలుగు.

ఎర్రదీపం.

“ఇదేంటి?” అన్నాడు ఆయన. డబ్బాని అరచేత్తో కొట్టాడు. “చెడిపోయినట్టుంది. కాసేపాగి మళ్ళీ ఊదు.”

“గొంతు ఆరిపోయింది, నీళ్ళు తాగొస్తాను” అని లోపలికెళ్ళాను. ఇంకో గుక్క తాగి వచ్చి ఊదాను. ఎర్రదీపమే. ఆయన నాకు జానెడు దూరంలో ఉన్నాడు, వాసన తెలియలేదు. తెలిసే ముక్కైతే ఇంతవరకూ వచ్చేదా? రాత్రి తాగిన మనిషికి పొద్దున తాగిన మనిషి పక్కనే కూర్చున్నా తెలియదు.

“నువ్వు దిగు” అన్నాడు. చెమటలు పడుతున్నాయి ఆయనకి. “ఉడుతా, ముందుకి రామ్మా. నిన్నటిలాగా. రెండు చాక్లెట్లు.”

వెనక తలుపు తెరుచుకున్న చప్పుడైంది. చిన్న బూట్లు సిమెంటు మీద టకటకమన్నాయి. నేను దిగలేదు. గొట్టం వదల్లేదు. నా లోపల ఉన్నదంతా, ఏడు నెలలదీ పదేళ్ళదీ, ఒకే తీరుగా నాలుగు అంకెలసేపు ఊదాను. మూలిగాను. మూడో ఎర్రదీపం. లోపలెక్కడో టక్కుమని, కారు బిగుసుకుపోయింది.

ఉడుత కిటికీ దగ్గర నిలబడి ముక్కు చిట్లించింది. “అమ్మా, నీ దగ్గర నాన్న వాసనొస్తోంది.”

తర్వాత ఇంట్లో జరిగిన గొడవ చెప్పనలవి కాదు. అత్తయ్య నా నోటి దగ్గరికి వచ్చి వాసన చూసి గుండెలు బాదుకుంది. “పొద్దున్నే! ఆడపిల్ల తల్లి! ఆడది తాగితే ఇల్లు ఏమైపోవాలి?” ఇన్నేళ్ళలో ఈ ఇంట్లో మందు వాసనకి ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకోవడం అదే మొదటిసారి. నాకు కాస్త తల తిరుగుతోంది. రెండు గుక్కలకే నాకు గుమ్మం కాస్త పక్కకి జరిగినట్టుంది. ఈ కళ్ళతో, ఈ కాళ్ళతో ఈ మనిషి నా బిడ్డని కూర్చోబెట్టుకుని మలుపులు తిప్పాడా అనుకుంటే ఒళ్ళు జలదరించింది. ఉడుతని చెయ్యిపట్టుకుని బడికి నడిపించాను, గోడ వైపు అది, రోడ్డు వైపు నేను, నెమ్మదిగా.

మధ్యాహ్నం లారీ వచ్చి కారుని ఎత్తుకెళ్ళింది. వెనకే డబ్బా ఆఫీసుకి టాక్సీలో వెళ్తూ ఆయన దారి పొడుగునా నాకు పాఠం చెప్పాడు. “సరదాకి కారులో కూర్చుని ఊదానని చెప్పు. తెలియక ఊదానని చెప్పు. ఈ ఒక్కసారే. అర్థమైందా? ఎర్రదీపాలు నా పేరు మీద పడితే నేను అయిపోతాను.”

ఆ ఆఫీసు నిజానికి ఒక షెడ్డు. ముప్ఫయ్యేళ్ళుండే ఒకమ్మాయి, నీలం యూనిఫాం, గోళ్ళ నిండా గ్రీసు, డబ్బాని వైరుతో కంప్యూటరుకి తగిలించి చూస్తోంది. ఆమె వెనక గోడ మీద బోర్డు. ఒకరి బదులు ఇంకొకరు ఊదడం నేరం, ఊదినవారికీ ఊదించినవారికీ శిక్ష. మెల్లగా రెండుసార్లు చదివాను.

“మా మిసెస్ అండీ” అన్నాడు ఆయన నవ్వుతూ. “పొద్దున ఎందుకో కొంచెం పుచ్చుకుంది. ఆడవాళ్ళు, ఏం చెప్తాం! సరదాకి మూడుసార్లు ఊదేసింది. నాది కాదది. కావాలంటే ఆవిడనే అడగండి.”

ఆ అమ్మాయి తెర మీంచి కళ్ళెత్తి నన్ను చూసింది. “ఇవాళే మొదటిసారా మేడం మీరు ఊదడం?”

ఆయన మోచెయ్యి నా మోచేతికి తగిలింది.

“ఎందుకడుగుతున్నానంటే” అంది ఆమె, “మూడూ ఒక్క తప్పు లేకుండా ఊదారు. ఎక్కడా తెగలేదు. మా దగ్గర నేర్చుకున్నవాళ్ళకే ఇలా రావడానికి నెల పడుతుంది. కొత్తవాళ్ళకి కీచుమంటుందిది.”

ఏడు నెలల్లో ఈ పనిని మెచ్చుకున్న మొదటి మనిషి. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

“మొదటిసారి కాదు” అన్నాను. “ఏడు నెలలు. రెండో నెల నుంచి ఆ కాగితాల మీద ఉన్న పచ్చదీపాలు దాదాపు అన్నీ నావే.”

“ఏయ్, తిక్కగాని పట్టిందా నీకు!” అన్నాడు ఆయన. తర్వాత గొంతు తగ్గించి, “ఇంకా దిగలేదండీ దీనికి. ఆ మాటలు పట్టించుకోకండి” అన్నాడు.

ఆ అమ్మాయి ఆయన వైపు చూడలేదు. సొరుగులోంచి ఒక ఫారం తీసింది. “మేడం, ఇది రాస్తే మీ మీద కూడా కేసు ఉంటుంది. బోర్డు చదివారా?”

“రెండుసార్లు.”

ఆమె రాయడం మొదలుపెట్టింది. పెన్ను గరగరమంటోంది. ఆయన నా చెవి దగ్గరికి వంగి, “ఇంటికి పద, చెప్తాను” అన్నాడు. ఆ మాటకి పదేళ్ళుగా భయపడుతూనే ఉన్నాను. భయం పోయిందని అబద్ధం చెప్పను. బల్ల అంచు పట్టుకున్నాను.

“చివరి ప్రశ్న” అంది ఆమె తలెత్తకుండా. “మీరు కాకుండా ఆయన తరఫున ఇంకెవరైనా ఊదారా?”

ఆయన ముఖంలో రంగు పోయింది. మొదటిసారి నన్ను బతిమాలుతున్నట్టు చూశాడు. వద్దు అన్నట్టు కళ్ళతోనే సైగ చేశాడు. పదేళ్ళలో ఆయన నన్ను ఏదైనా బతిమాలడం అదే మొదలు.

“ఊదారు” అన్నాను. “మా అమ్మాయి. తొమ్మిదేళ్ళు.”

పెన్ను ఆగిపోయింది.

“రాసుకోండి” అన్నాను. “ఒక చాక్లెట్‌కి.”